ఇనప దున్న మెరక దిగిన రోజు

మా ఇంటి తూర్పు గోడలో ఒక గూడు ఉంది. అందులో నిప్పు మీద గుగ్గిలం వేసి ఊరి అమ్మవారికి ధూపం పడతాం. ఇంట్లోకి కొత్తగా వచ్చిన కోడళ్ళు, గూట్లో ఆ మట్టి చిప్ప ఎందుకత్తా అని అడుగుతూ ఉంటారు. గుగ్గిలం కరిగితే చిప్పలోనే ఉండాలి, గోడలోకి దిగకూడదు అంటాను. వాళ్ళు నవ్వుకుంటారు. కరిగి కారిన గుగ్గిలం ఎంత పట్టు పడుతుందో వాళ్ళు చూడలేదు. నేను చూశాను. అది చెప్పాలంటే ఈ ఇల్లు లేని రోజుల దగ్గరికి వెళ్ళాలి.

మేము కమ్మరులం. మాది కొండ కింద, శృంగవరపుకోట వైపు. అక్కడ మావాళ్ళ కొలుములు ఎక్కువ, పని తక్కువ. పెళ్ళయిన కొత్తలోనే నా పెనిమిటి కొలిమితిత్తి ఒక పక్క, ఇనుము కొట్టే దాగలి ఒక పక్క కావిట్లో పెట్టుకుని, నన్ను వెనకాల నడిపించుకుంటూ అనంతగిరి ఘాటీ ఎక్కాడు. అరకు లోయలో గూడేలవాళ్ళకి నాగటి కర్రులు కావాలి, గొడ్డళ్ళు కావాలి, బాణం ములుకులు కావాలి. చేసే చెయ్యి దగ్గరలో లేదు. పని చేసిన ఇంటివాళ్ళు చోళ్ళో సామలో చేటతో తెచ్చి పోసేవారు. కడుపు నిండేది. తల దాచుకునే చోటే లేదు.

ఊళ్ళో ఒక ముసలమ్మ తన పశువుల సాల పక్కకి దించిన పంచలో మమ్మల్ని ఉండనిచ్చింది. ఆ ఊరి అమ్మవారికి దీపం, ధూపం చూసేది ఆవిడే. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. పంచ మాత్రం చిన్నది. కాళ్ళు చాపితే ఆవుదూడ నాకేది. కొలిమిని మాత్రం పంచలో పెట్టనివ్వలేదు. అది ఆవిడ తప్పు కాదు. నిప్పురవ్వ ఒక్క కప్పు మీద పడితే చాలు, గడ్డి ఇళ్ళు ఊరంతా అంటుకుంటాయి. అందుకని మా కొలిమి ఊరి బయట, పైన కప్పు లేకుండా ఉండేది. వాన పడితే కొలిమి తడిసేది. కొలిమి తడిస్తే మా గాదె ఎండేది. అంతకుముందు వానాకాలం మూడొంతులు నా పెనిమిటి చేతులు కట్టుకుని ఆకాశంకేసి చూస్తూ గడిపాడు.

ఆ ఏడు ఉగాది నాటికి నేను ఆరో నెల కడుపుతో ఉన్నాను. వానలు దిగాక కానుపు. కొలిమి మీద ఒక కప్పు, దాని పక్కనే బిడ్డని పొత్తిళ్ళలో పడుకోబెట్టుకోవడానికి ఒక పొడి చోటు. నాకు కావలసింది అంతే.

అలాంటి చోటు ఒకటి ఊరికి ఎగువన ఉంది కూడా. మంచి మెరక. నీళ్ళు నిలవవు, పారే గెడ్డ దగ్గర, ఇళ్ళకి దూరం. కానీ దాని నడినెత్తి మీద ఇనప దున్న కూర్చుని ఉంది.

ఇనప దున్న అంటే దున్నే ఇంజిను. ట్రాక్టరు అనే మాట నేను చాలా ఏళ్ళకి విన్నాను. లోయంతా దున్నించి పారేస్తానని ఎవరో దొర కిందనుంచి తెప్పించాడట. ముందు రెండు చిన్న చక్రాలు. వెనకవి రెండూ మనిషి గుండెల ఎత్తు ఇనప చక్రాలు, చుట్టూ మొసలి నోట్లోలాగ పళ్ళు. ముసురు పడితే బురదలో దిగబడేదట, ఎండ కాస్తే రాళ్ళకి తగిలి మొరాయించేదట. తర్వాత దొరల మీద ఫితూరీ గొడవలు వచ్చాయి, దొర కొండ దిగిపోయాడు, ఇది ఉండిపోయింది. దాని కడుపులో మిగిలిన కిరసనాయిలు మొదటి ఏడే ఊరి దీపాల్లోకి పోయింది. ఆ తర్వాత దాన్ని ముట్టినవాళ్ళు లేరు.

ముట్టినవాళ్ళు లేరు అంటే, ముసలమ్మ తప్ప. ఊళ్ళోకి వచ్చి కదలకుండా కూర్చున్నదాన్ని ఊరికే వదిలెయ్యకూడదని ఆవిడ నమ్మకం. తూర్పు పక్క చక్రానికి పసుపు రాసింది, బొట్లు పెట్టింది. చక్రం నడుమ, ఇరుసు దూరే కుండ దగ్గర, దోసెడంత గుంత ఉంది. అమ్మవారు దాంట్లోకి వచ్చిందని, అందులో నిప్పు కణిక పెట్టి గుగ్గిలం వేసేది. ఎన్నేళ్ళనుంచి వేస్తోందో ఆవిడకే తెలీదు.

ఊరిపెద్దని నా పెనిమిటి ఆ మెరక అడిగితే ఆయన కాదనలేదు. "దున్న ఉన్నన్నాళ్ళూ అక్కడ గుంజ పాతకూడదు. అమ్మోరు ఒప్పదు. అది దిగిపోయిన్నాడు ఆ మెరక నీదేరా" అన్నాడు. అది ఎప్పుడు దిగుతుంది? ఆ మాట అడగడానికి మాకు నోరు రాలేదు.

అది దిగే రోజు దానంతట అదే వచ్చింది, కానీ రాకూడని రోజుల్లో వచ్చింది. ఇటుకల పండగ నడుస్తోంది. ఆ పండగ రోజుల్లో విత్తనాలు అమ్మవారి ముందు పెట్టి మగవాళ్ళంతా వేటకి పోతారు. ఇంకో పని ముట్టరు. వేటలో ఏదైనా కొట్టి తెస్తే ఆడవాళ్ళు కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళ్తారు. ఉత్తచేతులతో వస్తే కుండల్లో పేడనీళ్ళు కలిపి ఉంచి, నెత్తిన పోసి ఊరంతా తిప్పుతారు. ఊరిపెద్ద అయినా సరే, తప్పించుకునే దారి లేదు.

సరిగ్గా ఆ రోజుల్లో కిందనుంచి ఎడ్లను తోలుకుని బళ్ళవాళ్ళు వచ్చారు. వాళ్ళ మేస్త్రి పొట్టి మనిషి, గొంతు మాత్రం ఘాటీ అవతలికి వినపడుతుంది. కింద ఒక షావుకారు ఇనప దున్నని కొన్నాడట, బాగుచేయించి చెరుకు గానుగ తిప్పిస్తాడట. మేస్త్రి దాని చుట్టూ ఒకసారి తిరిగి వెనక చక్రాల దగ్గర ఆగిపోయాడు.

"ఇదేటిది? ఇది పైకొచ్చిన్నాడు నానున్నాను. ఎనక సక్రాలు రెండూ కడుపుకి ఆనుకునుండీవి. ఎవులు పక్కకి లాగినారు?"

"దుక్కికి ఎడంగా ఉండాలని దొరే లాగించాడట" అన్నాడు నా పెనిమిటి.

"లాగించీసి ఆయన ఎల్లిపోనాడు. ఘాటీ మొగలో జంట బండలున్నాయి గదా, ఇలగుంటే దూరదు. సక్రాలు లోనికి తోయాల. తోసే మనుషులేరీ?"

మనుషులు వేటలో ఉన్నారు. మేస్త్రి ఒక రాత్రి ఆగాడు. తెల్లారి ఎడ్లకేసి చూసుకుని, "గడ్డి లేదు, ఈటిని మాడ్చలేను. రేపు దిగిపోతాం. మళ్ళీ వొచ్చే ఏసంగికే" అన్నాడు.

ఆ మాట విని నేను చేటలో చోళ్ళు అలాగే వదిలేసి ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో కూడా తోచలేదు. ఆవిడే నా కడుపుకేసి చూసి, నా మొహంకేసి చూసి, "ఏడకే గుంటా, కడుపులో దానికి ఇనపడతాది" అంది. కర్ర పట్టుకుని ఊరిపెద్ద ఇంటికి బయల్దేరింది. నేను వెనకాలే.

ఊరిపెద్ద ఆ పొద్దు వేటకి విల్లు సర్దుకుంటున్నాడు. వాకిట్లో మగవాళ్ళంతా ఉన్నారు.

"ఏటప్పా, పొద్దున్నే?" అన్నాడు. ఆ ఊళ్ళో అక్క వరస ఆడవాళ్ళని అప్పా అంటారు.

"నిన్న ఏటి కొట్టినారు?" అంది ముసలమ్మ.

ఆయన విల్లుకేసి తల దించాడు. ఎవరో వెనకనుంచి నవ్వారు. ముందురోజు వాళ్ళు ఉత్తచేతులతో వచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు. ఊరిపెద్ద చెవి వెనక ఎండిన పేడ ఇంకా ఉంది.

"మొన్న?"

"అడివిలో ఏటీ లేదప్పా. కుందేలైనా లేదు."

"అడివి దాకా ఎందుకురా? ఊరి నెత్తి మీద అంత దున్న కూసుంటే! నాలుగు కాళ్ళున్నాయి, కొమ్ములాటివున్నాయి, పరిగెత్తి కూడా పోదు. దాన్ని కొట్టలేనోళ్ళు అడివిలో ఏటి కొడతారు?"

వాకిలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఊరిపెద్ద నవ్వలేదు. ఆలోచించాడు. విల్లు గోడకి ఆనించి, "ఇది మన పండగ ఏటేనంటావా?" అని అడిగాడు.

"ఏటే. అమ్మోరి తోటి నాను సెప్పుకుంటాను. మెరక దింపితే ఏట దొరికినట్టు. దింపలేదనుకో..."

ఆ మిగతా మాట ఆడవాళ్ళు పూర్తి చేశారు. కుండలు బయటికి వచ్చాయి. పేడ కోసం సాలల్లోకి పరిగెత్తారు. "ఓ బావా, నీకని ఎర్రావు పేడే కలుపుతున్నాను" అని ఒకామె, "మరిదికి మా గేదెది దాసినాను, సల్లగుంటాది" అని ఇంకొకామె. అలా మెరక చుట్టూ కుండలు వరసగా కూర్చున్నాయి. ముసలమ్మ కోడిని కోసి, అమ్మవారిని ఒక రాయి మీదికి పిలిచి, ఆ రాయిని మెరక తూర్పు అంచున నిలబెట్టింది.

పని మొదలైంది. నా పెనిమిటి చక్రాల దగ్గర, మేస్త్రి అరుపుల దగ్గర. ఇంజిను పక్కన ఒక ఇనప కర్ర ఉంటే మేస్త్రి దాన్ని సుత్తితో తట్టి తట్టి నడిమధ్యకి తెచ్చాడు. అది పక్కకి ఉంటే లోపలి పళ్ళు చక్రాలని తిరగనివ్వవట. పొడుగాటి మద్ది దుంగల్ని ఇరుసు కింద దూర్చి, కింద రాయి పెట్టి, అవతలి కొస మీద మగవాళ్ళంతా ఎగబడి తొక్కారు. ఇనప దున్న మూలిగి వెనక కాళ్ళెత్తింది. కింద బండలు పేర్చారు. ఇప్పుడు చక్రాలు గాల్లో ఉన్నాయి.

పడమటి చక్రానికి ముందు చీల ఊడబీకారు. ఇరుసుకీ కుండకీ మధ్య సందులో వలిసెల నూనె పోశారు. తుప్పు నూనె తాగుతూ ఎర్రటి నురగ కక్కింది. కాసేపాగి, చెక్క అడ్డుపెట్టి సమ్మెటతో కొడితే, మొదట ఏమీ లేదు, తర్వాత కిర్రుమంది, తర్వాత వేలెడంత లోనికి జరిగింది. మగవాళ్ళు కేక వేశారు. ఇక దెబ్బకి జానెడు చొప్పున కడుపుదాకా పోయింది. "సూసినారా!" అని మేస్త్రి తొడ చరిచాడు. ఆడవాళ్ళలో కొందరు కుండలు కొంచెం వెనక్కి జరిపారు కూడా.

తూర్పు చక్రం దగ్గర అంతా ఆగిపోయింది. చీల ఊడింది. నూనె పోస్తే సందులోకి దిగలేదు, పైనుంచే కారిపోయింది. ఒకడి తర్వాత ఒకడు కొట్టారు. చెక్కలు చితికాయి. చక్రం మాత్రం ఇంతైనా జరగలేదు. ఎండ నెత్తికెక్కింది. మేస్త్రి ఎడ్లకేసి చూడడం మొదలుపెట్టాడు. నేను కూర్చున్న చోటినుంచి లేచాను, కూర్చున్నాను, లేచాను. ఆడవాళ్ళు కుండల్లో కర్రలు పెట్టి కలపడం మొదలుపెట్టారు. ఆ గుడగుడ చప్పుడుకి మగవాళ్ళు వెనక్కి తిరిగి తిరిగి చూశారంటే నమ్మండి.

"కాల్చాలి" అన్నాడు నా పెనిమిటి. "చక్రం కుండ చుట్టూ నిప్పు పెడితే కుండ సాగుతుంది. ఇరుసుని తడిగుడ్డలతో చల్లగా ఉంచితే అది సాగదు. అప్పుడు వదులొస్తుంది."

ముసలమ్మ చక్రానికి అడ్డంగా నిలబడిపోయింది. "అమ్మోరి మొకానికి నిప్పెడతావేటిరా? పసుపు రాసిన సక్రంరా అది!"

"అమ్మోరు రాయిలోకి ఎల్లిపోనాది గదప్పా" అన్నాడు ఊరిపెద్ద.

"ఎల్లినా! మెట్టినిల్లు ఎల్లిన గుంట పుట్టింటిని మరిసిపోతాదేటి?"

ఆవిడని కాదని అక్కడ ఒక్క పుల్ల వెలిగించేవాళ్ళు లేరు. నాకు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో తెలీదు. దగ్గరికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మామ్మా, రోజూ నువ్వు ఆ గుంతలో పెట్టింది నిప్పే గదా. అమ్మోరు ఎప్పుడైనా కోపం చేసిందా?"

ఆవిడ నన్ను చూసింది. చక్రాన్ని చూసింది. "ఇది నోరు లేని గుంటనుకున్నాను" అని గొణిగి, పక్కకి జరిగి, మొదటి నిప్పు తనే తెచ్చి పెట్టింది.

కుండ చుట్టూ బొగ్గులు పేర్చి, తిత్తి తెచ్చి ఊదారు. ఇరుసు మీద తడిగుడ్డలు వేస్తూ గెడ్డ నీళ్ళు పోస్తూ ఉన్నారు. కాసేపటికి పొగ తెల్లగా లేచింది. దానితో పాటే వాసన. గుప్పుమని, గుళ్ళో వచ్చినట్టు, అమ్మవారి వాసన. మెరక అంతా నిండిపోయింది. మగవాళ్ళు సమ్మెటలు కింద పెట్టేశారు. మేస్త్రి చెప్పులు విడిచాడు. ఒకామె చేతులు జోడించి ఊగడం మొదలెట్టింది. "అమ్మోరొచ్చీసినాది! కదలొద్దన్నాది!" అని ఎవరో అరిచారు.

అయిపోయింది అనుకున్నాను. మళ్ళీ ఆ పంచే, మళ్ళీ ఆ దూడ పక్కనే.

ముసలమ్మ మాత్రం ఊగలేదు. ముక్కు ఎగబీల్చింది. ఒక అడుగు వేసి మళ్ళీ ఎగబీల్చింది. వంగి కుండ కిందకి చూసింది. సందులోంచి తేనెలాగా ఏదో కారుతోంది. నల్లగా, జిగటగా, బొట్లు బొట్లుగా బొగ్గుల మీద పడి పొగ అవుతోంది. ఆవిడ వేలితో ముట్టబోయి, చుర్రుమంటే ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

"ఓలమ్మో! అమ్మోరు కాదు, ఏటీ కాదు. ఇది నా గుగ్గిలమే! నానేసిందే!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నా పెనిమిటి తల కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. రోజూ గుంతలో వేసిన గుగ్గిలం నిప్పుకి కరిగి, సందులోకి దిగి, చల్లారి, లక్క పెట్టినట్టు చక్రాన్ని ఇరుసుకి అతికేసింది. ఏళ్ళ తరబడి. పడమటి చక్రానికి ధూపం లేదు కాబట్టి అది తుప్పుతోనే సరిపెట్టుకుంది.

"ఏటప్పా, దున్నని కట్టీసింది నువ్వా?" అన్నాడు ఊరిపెద్ద.

"కట్టీకపోతే ఎప్పుడో ఎల్లిపోయుండీది! నా బత్తి అంత గట్టిదిరా!" అంది ముసలమ్మ. అందరికన్నా ముందు తనే నవ్వింది. ఊగుతున్నామె కూడా ఊగడం మాని నవ్వింది.

ఆ నవ్వుతోనే సమ్మెటలు లేచాయి. నా పెనిమిటి చెక్క అడ్డుపెట్టి పట్టుకున్నాడు. "మెల్లగా, మెల్లగా. ఇప్పుడు గట్టిగా!" అన్నాడు. ఊరిపెద్ద కొట్టాడు. మెత్తగా, వెన్నలో కత్తి దిగినట్టు, చక్రం బెత్తెడు లోపలికి జరిగింది. చల్లారితే మళ్ళీ పట్టేస్తుందని బేగి బేగి కొట్టమని ముసలమ్మే అరుస్తోంది. చక్రం కడుపుకి ఆనిన తర్వాత కూడా ఒకరిద్దరు కొడుతూనే ఉన్నారు, ఆపమనేవరకు.

చీలలు దిగగొట్టి, బండలు తీసి, దున్నని నేల మీదికి దింపారు. అడ్డతీగ నారతో తాళ్ళు పేని ముందు కట్టారు. ఎడ్లు లాగాయి, మగవాళ్ళు వెనకనుంచి తోశారు. ఏళ్ళుగా పాతుకుపోయిన చోటునుంచి చక్రాలు నేలని పెళ్ళలు పెళ్ళలుగా పెకిలించుకుంటూ పైకి వచ్చాయి. ఒకసారి తిరిగాయి. మళ్ళీ తిరిగాయి. పసుపు రాసిన చోటు పైకి వచ్చి కిందకి పోతుంటే ముసలమ్మ దానికి దండం పెట్టింది.

ఇనప దున్న మెరక దిగి వంపు తిరిగిపోయింది. మేస్త్రి అరుపు చాలాసేపు వినపడుతూనే ఉంది. జంట బండల మధ్యనుంచి రాచుకోకుండా దూరిందని తర్వాత కబురు వచ్చింది.

మగవాళ్ళు చెమటతో వచ్చి ఆడవాళ్ళ ముందు నిలబడ్డారు. "మా కాళ్ళు కడగండి" అన్నాడు ఊరిపెద్ద, మీసం దువ్వుతూ.

"కడుగుతాం గానీ బావా, కూరేదీ? మీరు కొట్టిన దున్నని వొండితే ఉడుకుతాదేటి?" అంది ఎర్రావు పేడ కలిపినామె.

కాళ్ళయితే కడిగారు. కుండల్లో పేడనీళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి. అంత కలిపి పారబొయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు. వాటికేసి ఒకసారి, ఖాళీ మెరకకేసి ఒకసారి చూసి ముసలమ్మ నా వీపు మీద చరిచింది.

"ఏటే అలగ సూత్తన్నావు? నేల నీది, పేడనీళ్ళు తయారు. అలికీ!"

నేను కొంగు బిగించాను. వంగడం కష్టంగా ఉండి గొంతుకూర్చుని మొదలుపెట్టాను. ఒక్కదాన్నే ఎంత అలుకుతాను? తలో కుండా పట్టుకుని అందరూ దిగారు. మరిది నెత్తి కోసం కలిపింది, బావ నెత్తి కోసం కలిపింది, అన్నీ మా నేల మీదికి వచ్చాయి. గోడ లేదు, కప్పు లేదు, గుంజ లేదు. ఎండలో పచ్చగా అలికిన నేల ఒక్కటే ఉంది. చక్రాలు లేచిన చోట రెండు గోతులు మాత్రం అలకలేదు. మగవాళ్ళు అలకనివ్వలేదు.

"తవ్వే పని తప్పింది" అన్నాడు ఊరిపెద్ద. ఉదయం దున్నని ఎత్తిన మద్ది దుంగల్లో మంచివి రెండు తెచ్చి ఆ గోతుల్లో నిలబెట్టి, మట్టి పోసి తొక్కాడు. మా ఇంటికి మొదటి గుంజలు అవే. పండగ వెళ్ళాక కప్పు వేశారు. మొదటి వానకి కొలిమి పొడిగా ఉంది. ఇంకో రెండు జల్లులు పడ్డాక నాకు పెద్దది పుట్టింది, కొలిమి వెచ్చదనం తగిలే గోడ పక్కన. బొడ్డు కోసింది ముసలమ్మే.

గోడలు లేచేటప్పుడు తూర్పున అమ్మవారి రాయికి ఎదురుగా గూడు పెట్టమంది ఆవిడ. పెట్టాను. ధూపం వెయ్యడానికి వచ్చి, చెయ్యి లోపల పెట్టి అడుగంతా తడిమి చూసింది.

"చిప్ప పెట్టవే గుంటా" అంది. "నేకపోతే ఈ ఇల్లు మళ్ళీ కదలదు."

"కదలక్కర్లేదు మామ్మా" అన్నాను.

అయినా చిప్ప తనే తెచ్చి పెట్టింది.